పన్నెండో దెబ్బ

సింగపూర్ బెడోక్‌లో మా కింది ఫ్లాట్ అంకుల్ గుండెపోటుతో పోయారని బుధవారం ఉదయం ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. మధ్యాహ్నానికల్లా మా ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపు నిండా దండాలు. ‘మా ప్రాణదాత’ అని రాశాడొకాయన. అంకుల్ ముఖాన్ని పంచదార డబ్బా మీద అతికించి, ఏడాదిపాటు అదే గ్రూపులో స్టిక్కరుగా తిప్పింది ఆయనే. చదివి రోత పుట్టింది. ఇక్కడే పెరిగిన నేను ‘రోత’ అనే మాటను ఈమధ్యే నేర్చుకున్నాను. ఇంత తొందరగా అవసరపడుతుందనుకోలేదు.

అంకుల్ ఒకప్పుడు సైన్యంలో మంచుకొండల మీద పనిచేశారు. తర్వాత ఇక్కడి జురాంగ్ ఐలాండ్ కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరు. నాకు మంచు గురించి వాళ్ల వంటింట్లోనే నేర్పారు. పళ్లెంలో పంచదార పలచగా పరిచి, పైన బియ్యప్పిండి అదిమి, మెల్లగా వాల్చేవారు. పిండి మొత్తం ఒకే పలకలా జారిపోయేది.

"తొలిమంచు ఇట్లే పంచదార మాదిరి అయితాది. దాని మీద తుఫాను మంచు కూర్చుంటే చూసేకి బాగుంటాది. నమ్మగాకు" అనేవారు. ఆంటీ విసుక్కుంటూ ఆ పిండితోనే తియ్యట్లు పోసేవారు.

నిరుడు అక్టోబరులో పదిమందిమి ఆయన వెంట హిమాలయాలకు వెళ్లాం. కనుమ కింద ఉండగా తుఫాను వచ్చి రెండు రోజులు మంచు కురిసింది. మూడోనాడు ఆకాశం కడిగినట్టుంది. అందరూ బూట్లు బిగించారు. అంకుల్ మాత్రం ప్రమాదం లేని అంచున గుంట తవ్వి, మంచును నిలువు దిమ్మెగా కోసి, దాని మీద పార ఆనించి నన్ను కొట్టమన్నారు. మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది. ఎంత తొందరగా, ఎంత నునుపుగా జారితే అంత ప్రమాదం. పన్నెండో దెబ్బకు పై దిమ్మె సొరుగులా బయటికొచ్చింది. అడుగున పంచదార.

"ఏమంటావు పాపా?" అన్నారు. కాస్త దూరంలో మిగతావాళ్లంతా నావైపే చూస్తున్నారు. "తెలీదంకుల్" అన్నాను. నాకు తెలుసు.

ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశారు. "తెలీదంటే ఎనక్కే పోదాం. ఈ మాట నాది" అని అందరికీ వినపడేలా అన్నారు.

దిగిపోయాం. మేము చూస్తుండగా ఆ వాలు జారలేదు. ఊరు చేరాక "ఏమీ కాలేదు కదా లా" అంటూ సింగపూర్ యాసలో ఎగతాళి మొదలైంది. పంచదారకు జడిశారని ఆ స్టిక్కరు పుట్టింది. ఆ గ్రూపులో అంకుల్ కూడా ఉన్నారు. దిమ్మె జారడం దగ్గరగా చూసిన నేను కూడా ఆ స్టిక్కరు కింద నవ్వే బొమ్మ పెట్టాను. మర్నాడు లిఫ్టులో కనబడితే ఎప్పటిలాగే "తింటివా?" అని అడిగారు.

అందుకే నా రోతలో సగం నా మీదే. నిన్న గ్రూపులో రాశాను: దిమ్మె పన్నెండో దెబ్బకే జారింది, చూసి కూడా నేను చెప్పలేదు, ఆయన నా భయాన్ని తన మీద వేసుకున్నారు. అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ఆంటీ ఇచ్చిన ఆ పళ్లెం నా బల్ల మీదుంది. అంచు మడతలో నాలుగు పంచదార పలుకులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. కడగలేదు.