ముందు సీటు కింద తడి

పోయిన వారం మా పాత కారు చూడటానికి ప్యాపిలి నుంచి ఒకాయన నంద్యాలకు వచ్చాడు. మీటలన్నీ నొక్కి చూశాడు, తలుపులన్నీ రెండేసి సార్లు వేసి చూశాడు, చివరికి "హీటర్ పని చేస్తాదా సార్?" అని అడిగాడు. మిట్టమధ్యాహ్నం. చెప్పులున్నా కాళ్ళు చురుక్కుమంటున్నాయి. ఊరే ఇంత కాగుతుంటే కారులో హీటరుతో పనేమిటని నవ్వొచ్చింది గానీ, బేరం చెడుతుందని ఆపుకున్నాను. "చేయదు, పైపులు కలిపేశాం" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. మంచిదే అయింది. అడిగి ఉంటే మా మామ సంగతి ఎత్తాల్సి వచ్చేది.

మామ అంటే మా ఆవిడ తండ్రి. సేద్యం కౌలుకిచ్చేసి మా ఇంట్లోనే ఉండేవాడు. కారు నాదే అయినా ముందు సీటు ఆయనది. అందులో పంచె సర్దుకుని, కిటికీ అద్దం కిందికి దించి, మోచేయి బయట పెట్టి కూర్చుంటే దారిలో పొలాలన్నీ ఆయనవే అనిపించేది. ఏసీ వేయనిచ్చేవాడు కాదు. "అది ఆస్పత్రి గాలి" అనేవాడు. ప్రతి ఆదివారం ఆయన్ని ఆళ్లగడ్డలో ఉన్న చెల్లెలి దగ్గరికి తీసుకుపోవాలి. తుంటి ఎముక విరిగాక ఆమె గడప దాటి ఎరగదు. అన్నాచెల్లెళ్ళు చేసే పెద్ద ముచ్చట్లేమీ ఉండవు. ఆయన అరుగు మీద, ఆమె మంచం మీద, మధ్యలో మజ్జిగన్నం గిన్నె. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరి మోటారు కాలిందో చెప్పుకుంటారు. సాయంత్రానికి లేచి వచ్చేస్తాడు. ఇద్దరికీ షుగరే. మామకైతే పాదాల్లో స్పర్శ కూడా సరిగా ఉండేది కాదు. చెప్పు జారిపోయినా తెలియక అలాగే నాలుగడుగులు వేసేవాడు.

ఒక ఎండాకాలం కారులో ఏదో తియ్యటి వాసన మొదలైంది. పొద్దున్నే తలుపు తీస్తే పాకం పొంగినట్టు గుప్పుమనేది. ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసకపట్టేది, తుడిస్తే ఇంకా అలుక్కుపోయేది. ముందు సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోట, పట్టా తడి. ఏసీ వేయని కారులో తడెక్కడిది? ఇంతలో మా ఆవిడ మామ పంచె ఉతుకుతూ అంచు దగ్గర పసుప్పచ్చ మరక చూసింది. డాక్టరు రాసిచ్చిన బలం మాత్రలు వేసుకుంటే ఒంటికి పోసేది అదే రంగులో వస్తుందని ఆమెకు తెలుసు. షుగరు మనిషి, తియ్యటి వాసన, పచ్చటి మరక, ఆయన సీటు కింద తడి. లెక్క ఇంత చక్కగా కుదిరితే ఇంక అనుమానమేముంటుంది? "నాయనకు తెలీకుండానే పోతాన్నట్టుండాది" అంది నాతో, వంటింట్లో, చాలా మెల్లగా. నాకూ నిజమే అనిపించింది.

ఇలాంటి మాట తండ్రితో ఎవరంటారు? ఎవరూ అనలేదు. మా ఆవిడ సీటు మీదా కిందా ప్లాస్టిక్ కాగితం పరిచి, దుమ్ము పడకుండా అని చెప్పింది. మామ కారెక్కబోతూ దాన్ని చూశాడు. కాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎక్కాడు. దారిపొడుగునా ఆయన మోచేయి ఒళ్ళోనే ఉంది. ఆ మరుసటి ఆదివారం "మోకాలు నొస్తాంది, మీరు పోయి రాండి" అన్నాడు. ఆ పై ఆదివారమూ అదే మాట. ఆయనకు మోకాళ్ళ నొప్పి లేదని ఇంట్లో అందరికీ తెలుసు. మేం తలలూపాం. చెల్లెలు బయటికి రాలేదు, ఈయన పోనంటున్నాడు. ఇక వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకునే దారి లేదని మా ఆవిడ రాత్రి పడుకునేటప్పుడు ఏడ్చింది.

చెల్లెలి కోసం మామ దంచి ఉంచిన కొర్రబియ్యం సంచి ఇచ్చి రావడానికి మేమిద్దరమే బయల్దేరాం. అలవాటు కొద్దీ మా ఆవిడ వెనకే కూర్చుంది. కాగితం ఎప్పుడో తీసేసింది గనక సంచి ఖాళీగా ఉన్న ముందు సీటు కింద పెట్టాను. ఆళ్లగడ్డలో దించి మంచం పక్కన పెట్టగానే మామ చెల్లెలు, మా చిన్నత్త, సంచి అడుగున చెయ్యి పెట్టి చూసింది. "ఏమ్మే, ఇంత తడిసిందేందీ? యాడ పెట్టినారు దీన్ని?" అంది. మా ఆవిడ చప్పున "అదీ, నాయనకు..." అనేసి ఆగిపోయింది. నాయన నంద్యాలలో ఉన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను సంచి వైపు చూశాను. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, చిన్నత్తకేమో ఏమీ అర్థం కాలేదు.

బస్టాండు దగ్గరి మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజనును చల్లబరిచే కూలెంటు డబ్బా చూశాడు. అడుగంటింది. పట్టా పైకెత్తి తడిలో వేలు ముంచి, వెలుగులో పట్టి చూశాడు. "ఈడ చూడన్నా, పచ్చగుండాది, తియ్యగా వాసనొస్తాంది, కూలెంటే ఇది. హీటర్ కాయిల్ కారిపోతాంది" అన్నాడు. హీటరు ఒక్కరోజైనా వేయలేదు మొర్రో అన్నాను. "నువ్వు ఏసినా ఏయకున్నా ఇంజను నీళ్ళు దాంట్లో తిరుగుతానే ఉంటాయి. కొత్తది ఏయాలంటే డాష్‌బోర్డంతా ఇప్పల్ల. మనకేం పని దాంతో, బైపాస్ చేస్తా" అన్నాడు. కాయిల్‌కు పోయే పైపూ వచ్చే పైపూ ఊడదీసి, రెంటినీ కలిపి బిగించి, కూలెంటు నింపి, ఇంజను వేడెక్కేదాకా ఆడించి చూశాడు. చుక్క పడలేదు. ఆ కారేది వేడినీళ్ళని అప్పుడు తట్టింది నాకు. నెలల తరబడి అవి మామ పాదాల మీదే పడుతున్నా ఆయనకు తెలిసే వీలు లేదు.

ఇంటికొచ్చాక అసలు చిక్కు. కారింది నువ్వు కాదని చెబుదామంటే, నువ్వేనని మేమెప్పుడన్నాం గనక? మా ఆవిడ గుమ్మంలోనే "నాయనా, కారు లీకంట. హీటర్‌దంట" అంది, ఊరి కబురు చెప్పినట్టు. మామ పేపరు మీంచి తల ఎత్తలేదు. "కారుదేనా?" అన్నాడు. "కారుదే" అంది. ఆయన పేజీ తిప్పాడు.

తర్వాతి ఆదివారం మామ మోకాలి మాట ఎత్తలేదు. ఆళ్లగడ్డలో చెల్లెలి ఇంటి అరుగెక్కుతూనే "నీళ్ళియ్యమ్మే" అన్నాడు. మా ఆవిడ చెంబు అందిస్తే ఎత్తిన చెంబు దించకుండా తాగి, ఇంకొకటి అడిగాడు. మంచం మీది నుంచి చిన్నత్త "ఏందన్నా, ఈ ఎండాకాలమంతా నీళ్ళిస్తాంటే వద్దంటాంటివి?" అంది. మామ మూతి తుడుచుకుని, "అప్పుడు దప్పిక ల్యా" అన్నాడు. చెంబు పట్టుకున్న మా ఆవిడ మొహం చూడలేక నేను కారు దగ్గరికి వచ్చేశాను. మేము ఒక్క మాట అనకపోయినా ఆయన అంతా నమ్మేశాడు, మాకంటే ముందే నమ్మి, నీళ్ళు మాని నోరు కట్టుకున్నాడు. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. వయసంటే జుట్టు నెరవడం, చూపు మందగించడం అనుకునేవాణ్ణి. ఏది కారినా తప్పు తన ఒంటిదేనని మనిషి అడగకుండానే ఒప్పేసుకునే కాలం ఒకటి వస్తుందని, ఆ కాలంలోకి నేనూ అడుగు పెడుతున్నానని, ఈ మధ్యే తెలుస్తోంది.