కొండ దారికి అడ్డంగా తీగ

అన్న ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెడుతున్నాను. అప్పుడే తెల్లవారుతోంది. వదిన కంటి ఆపరేషన్ కోసం ఇద్దరూ మొదటి బస్సుకే మదురై బయల్దేరారు. ఇంట్లో ఏదైనా మరిచిపోయారేమో అనుకున్నాను.

"పాపా, తోపుకు పోయి షెడ్డులో మెయిన్ ఆపేసి రా" అన్నాడు. నాకు యాభై దాటినా అన్నకు నేను పాపనే.

"మోటారు ఆడతా ఉండాదా?"

"మోటారు కాదు." గొంతు తగ్గించాడు. పక్కన జనం ఉన్నట్టుంది. "ఓడై పక్కన తీగ కట్టినాను. పందులకు. పొద్దున్నే ఆపేసేవాణ్ణి, ఈ రోజు బస్సు తొందరలో మరిచినాను."

"బ్యాటరీ తీగేనా అన్నా?"

"కాదు. నేరుగా లైనులోంచి."

పాలు పొంగుతున్నాయి. పొయ్యి ఆర్పాను. బ్యాటరీ కంచె తాకితే జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది. లైను కరెంటు తాకితే ఇక లేవదు. అది పంది అయినా, కట్టెలకు పోయిన మనిషి అయినా ఒకటే. అలాంటి తీగ కట్టినవాణ్ణి జైల్లో వేస్తారని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అన్నకూ తెలుసు.

"షెడ్డు తాళం?"

"నా దగ్గరే ఉండాది. రాయి తీసుకుని పగలగొట్టు."

మా నాన్న వేసిన మామిడి తోపు సేత్తూరు దాటాక, కొండ అడుగున ఉంటుంది. పందుల బాధ ఎప్పుడూ ఉన్నదే. కొన్నేళ్ళుగా ఏనుగులూ దిగుతున్నాయి. చెట్లు విరిచేవి, నీళ్ళ పైపులు తొక్కేసేవి. కొండను పులుల అభయారణ్యం చేశాక నియమాలు గట్టిపడ్డాయి. బ్యాటరీ కంచెకు కూడా అనుమతి కావాలన్నారు. అన్న అడిగాడు. కొలవడానికి వస్తామన్న వాళ్ళు రాలేదు. మళ్ళీ అడిగితే రేంజర్ మారాడన్నారు. ఆ తర్వాత అన్న కంచె మాట ఎత్తడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆ ఉదయం నాకు తెలిసింది.

స్కూటర్ మీద తోపు గేటు దగ్గరికి చేరేసరికి కొండ మీద వెలుగు పడింది. రోడ్డు పక్కన మేకలు కాసే అవ్వ నిలబడి ఉంది. నేను గేటు తీయబోతే చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోగాదీంగమ్మా!" అని, పోవద్దంటూ లోపలికి చూపించింది.

మామిడి వరసల చివర, మేం ఓడై అనే వాగులో మూడు ఏనుగులు. వాటి కాళ్ళ మధ్య ఒక పిల్ల. రాత్రి వేరే దారిన దిగి, కింది కొబ్బరి తోపులో మేసి, కొండకు తిరిగి పోతున్నాయి. వాటికీ కొండకూ మధ్య అన్న కట్టిన తీగ ఉంది. ఇంత దూరం నుంచి అది కనబడలేదు. పాతిన కర్రలు మాత్రం కనబడ్డాయి. షెడ్డు సరిగ్గా అక్కడే, వాగు గట్టు మీద ఉంది. గోడకున్న బల్బు పగటి వెలుగులోనూ వెలుగుతోంది. బల్బు వెలుగుతోందంటే తీగలో కరెంటు ఉంది.

కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో అన్నే ఫోన్ చేశాడు. "ఆపినావా?"

"ఏనుగులు నిలిచి ఉండాయి అన్నా, షెడ్డు పక్కనే. పిల్ల కూడా ఉండాది. నేను పోలేను. ఫారెస్ట్ వాళ్ళకు చెప్పాల."

"వద్దు పాపా. నన్ను లోపల వేసేస్తారు. ఈ రోజు మీ వదినకు ఆపరేషన్. కొంచేపు చూడు, అవే పోతాయి."

"ఎట్ల పోతాయి? పోయేదే ఆ తీగ మీదుగా!"

నేనే ఫోన్ పెట్టేశాను.

అటవీశాఖ నంబరు గేటు పక్క బోర్డు మీదే ఉంది. ఎత్తినామెకు తమిళంలో చెప్పాను. మా తోపు కంచెలో లైను కరెంటు ఉందనీ, ఏనుగులు దాని ముందే ఉన్నాయనీ చెప్పాను. ఎవరి తోపు అని అడిగింది. "మా అన్నది" అన్నాను.

"లైను ఆపిస్తాం. మీరు లోపలికి పోవద్దు" అంది.

పిల్ల తల్లి కాళ్ళ మధ్యనుంచి బయటికి వచ్చి గట్టు ఎక్కసాగింది. మట్టి జారి కిందికి పోయింది, మళ్ళీ ఎక్కింది. నేను బల్బునే చూస్తున్నాను. అవ్వ తన దేవుణ్ణి పిలుస్తోంది. పిల్ల కర్రల దాకా వచ్చేసింది. అరిస్తే బెదిరి తీగ మీదే పడుతుందేమో అని నోరు మూసుకున్నాను.

బల్బు ఆరిపోయింది.

పిల్ల తొండం ఎత్తి దేన్నో తడిమింది. తల్లి వెనకనుంచి వచ్చి దాన్ని పక్కకు తోసి ముందుకు నడిచింది. ఒక కర్ర వంగింది, ఇంకొకటి విరిగింది. ఒకదాని వెనక ఒకటి చెట్లలోకి పోయాయి.

జీపులో వచ్చిన అధికారిణి మా ఆఖరు అమ్మాయి వయసుది. తీగ చుట్టించింది, షెడ్డు తాళం పగలగొట్టించింది, నేను చెప్పింది రాసుకుంది. "మంచి పని చేసినారమ్మా" అంది. బ్యాటరీ కంచెకు అన్న అడిగిన అనుమతి సంగతి ఏమైందని అడిగాను. "అది వేరే సెక్షన్" అంది.

మరునాడు అన్న మదురైనుంచి దిగగానే తీసుకుపోయారు. బెయిలు వచ్చేదాకా వదిన కంటికి కట్టుతో మా ఇంట్లోనే ఉంది. నేనే మందు చుక్కలు వేసేదాన్ని. తల వెనక్కి వాల్చి కూర్చునేది. ఒక సాయంత్రం అడిగింది: "నేను ఆపరేషన్ బల్ల మీద పండుకుని ఉండేటప్పుడు ఫారెస్ట్ వాళ్ళకు చెప్పినావా, దానికి ముందేనా?" ముందే అన్నాను. తల ఊపింది.

తోపుకు కరెంటు కోసేశారు. ఆ ఎండాకాలం నీళ్ళు లేక పిందెలన్నీ రాలిపోయాయి. ఇన్నాళ్ళూ రాని కొలతల వాళ్ళు కేసు పడ్డాక వచ్చారు. బ్యాటరీ కంచెకు అనుమతి కూడా ఇచ్చారు. శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో కేసు మాత్రం వాయిదాల మీద నడుస్తూనే ఉంది. సాక్షిని నేనే. తీగ ఎవరు కట్టారో తెలియదని చెప్పమని అన్న లాయరు కబురు పంపాడు.

మొన్న అన్న మా ఇంటికి వచ్చాడు, ఆ ఉదయం తర్వాత మొదటిసారి. కాఫీ ఇచ్చాను. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"కోర్టులో ఏమి చెప్తావు?"

"నువ్వు ఫోనులో చెప్పినదే చెప్తా అన్నా. అబద్ధం నాకు చేతగాదు."

కోప్పడతాడనుకున్నాను.

"ఆ పిల్ల," అన్నాడు, "ఎంత ఎత్తు ఉండింది?"

నా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. కాఫీ తాగేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.