అలగ్ సే ఒక కఢీ

నాలుగు తెలుగు కుటుంబాలం నెలకోసారి కలిసి బయట తినాలన్న ఆలోచన నాదే. ఆ హిందీ ఊళ్లో, సెక్టర్ 7 క్వార్టర్లలో పక్కపక్కనే ఉండేవాళ్లం. మగవాళ్లం నలుగురం ఉక్కు ప్లాంటులో తలో విభాగంలో పనిచేసేవాళ్లం. అందరికీ వీక్లీ ఆఫ్ కలిసిన సాయంత్రం స్కూటర్లు తీసేవాళ్లం. ఒకసారి పవర్ హౌస్ బజారు, ఒకసారి సుపేలా, ఒకసారి దుర్గ్ దారిలో ధాబా. వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లకూడదన్నది నియమం. అదీ నేను పెట్టిందే.

హోటలు మారినా తిండి మాత్రం మారేది కాదు, ఎందుకంటే ఆర్డరు చెప్పేది నేను. అందరికంటే నా హిందీ శుభ్రంగా ఉంటుందని నా నమ్మకం. వెయిటరు రాగానే ఎవరినీ అడక్కుండా పనీర్ బటర్ మసాలా, చికెన్ కర్రీ, దాల్ ఫ్రై, జీరా రైస్ అనేసేవాణ్ణి. గిన్నెలు మధ్యలో పెట్టించి వడ్డన కూడా నేనే. పనీరు సబ్బుముక్కలా ఉందని నా భార్య రెండుమూడుసార్లు అంది. అలవాటైపోతుందిలే అన్నాను.

ఆమెది విజయనగరం పక్క పల్లె. పులుపు లేనిదే ముద్ద దిగదు. ఒకరోజు అటుపక్క క్వార్టరు హిందీ దీదీ గిన్నెడు కఢీ పంపింది. పుల్లటి మజ్జిగలో శనగపిండి కలిపి కాచి, పకోడీలు వేసినది. మన మజ్జిగపులుసుకి చుట్టమేనంటూ నా భార్య గిన్నె ఊడ్చేసింది. హోటల్లో దాన్ని ఎలా అడగాలో కూడా ఆ దీదీ దగ్గరే నేర్చుకుంది. అంట్లు తోముతూ ఆ మాటలు వల్లె వేసుకోవడం విన్నాను. విని నవ్వుకున్నాను, అంతే.

ఆ నెల సుపేలాలో కొత్తగా తెరిచిన హోటలుకి వెళ్లాం. వెయిటరు వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె కొంగు సర్దుకుని అంది:

“భయ్యా, మేరే లియే ఏక్ కఢీ. అలగ్ సే.”

నాకు వేరుగా ఒక కఢీ అని. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వెయిటరు రాసుకోబోయాడు. నన్ను దాటి ఆర్డరు వెళ్లిపోతోందని నాకెక్కడో గుచ్చుకుంది.

“అలగ్ కాదర్రా, అలక. ఈవిడ మనమీద అలిగింది,” అన్నాను.

టేబులంతా నవ్వింది. ఎదురుగా ఉన్న రోలింగ్ మిల్లు మిత్రుడు అందుకున్నాడు. “ఏటి వదినా, అలకపాన్పు ఇక్కడే వేయించమంటావేటి?”

ఆ నవ్వుల్లోనే కఢీ వద్దని చెప్పి మామూలు వరస చదివేశాను. ఆమె కూడా నవ్వింది. అది చూసి ఏమీ జరగలేదనుకున్నాను.

తర్వాతి నెల నుంచి ఆమె రాలేదు. ఒకసారి తలనొప్పి, ఒకసారి ఉపవాసం. ఆమె రానిదే మేమెందుకని మిగతా ఆడవాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. మగవాళ్లం మిగిలి, రోటీ తుంచుకుంటూ ప్లాంటు గొడవలే మళ్లీ మాట్లాడుకున్నాం. అదీ ఆగిపోయింది. ఇంత కష్టపడి కూడగడితే ఎవరికీ పట్టలేదని చాన్నాళ్లు వాళ్లనే తిట్టుకున్నాను. ఆ రోజు నేనన్న మాట నాకు గుర్తే రాలేదు.

ఎన్నాళ్లకో అది గుర్తొచ్చాక, నా నియమం నేనే తప్పి, ఆమెను అదే హోటలుకి తీసుకెళ్లాను. అప్పటికి ఆమె హిందీ నా హిందీని దాటిపోయింది. కూరగాయలవాడితో, గ్యాసువాడితో గడగడా మాట్లాడేది. వెయిటరు వచ్చి నిలబడ్డాడు. నేను ఆర్డరు చెప్పకుండా నోరు బిగబట్టి కూర్చున్నాను. ఆమె తిరిగే ఫ్యానుకేసి చూస్తోంది. వెయిటరు చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“నువ్వు చెప్పు,” అన్నాను.

“అందరికీ ఏటి చెప్తే నాకూ అదే,” అంది.

టేబులు దగ్గర ఉన్నది మేమిద్దరమే.

కఢీ అని నేనంటే ఆమె బదులు మళ్లీ నేనే చెప్పినట్టవుతుంది. అనకపోతే ఆమె ఆకలితో లేచిపోతుంది. కఢీ అన్నాను. ఎన్ని అని వెయిటరు అడిగాడు. కనీసం దీనికైనా జవాబు చెబుతుందేమోనని ఆమెకేసి చూశాను.

ఆమె ఇంకా ఫ్యానుకేసే చూస్తోంది. రెండు అన్నాను.