పెరట్లో నా గంజాయి పరిశోధన

ఎవరైనా నేరం చేసి జైలుకి పోతారు. నేను ఏ నేరమూ చెయ్యకుండా, ఎక్సైజ్ వాళ్లను ఇంటికి పిలిచి మరీ కొంప ముంచుకోబోయాను. ముందు వినండి, తరవాత నవ్వుదురుగాని.

లైబ్రేరియన్‌గా రిటైరైన కొత్త. జీవితమంతా పుస్తకాలు సర్దిన చేతులు ఊరుకుంటాయా? నా భయానికి వంటింట్లో డబ్బాలు కూడా వరసలో నిలబడేవి. అప్పుడే ఫోన్లో ఒక వ్యాసం చదివాను. గంజాయిలో మత్తు ఎక్కువున్న రకం, మత్తూ మందూ కలిసిన రకం, మత్తు బాగా తగ్గి కేనబిడియాల్ అనే మందు పదార్థం నిండుగా ఉన్న రకం ఉంటాయట. ఆ మూడో రకాన్ని శాస్త్రవేత్తలు ఏరి ఏరి సంకరం చేసి పెంచుతున్నారట. ఏది ఏ రకమో ప్రయోగశాలలోనే తేలుతుందని కూడా అందులో ఉంది. నా అంతటి మేధావికి ఆ వాక్యం అనవసరమని దాటేశాను.

మర్నాడు చూద్దును కదా, రాజమండ్రి నడిబొడ్డున, మా పెరట్లో, చేతివేళ్లలా చీలిన ఆకులతో మడి నిండా మొక్కలు! ఫోన్లో బొమ్మ పక్కన పెట్టి చూశాను. అచ్చం అదే.

"సుభద్రా, ఇటు రాకు! ఇది పరిశోధన" అని మా ఆవిడను గుమ్మంలోనే ఆపాను.

"పరిశోధనేంటండీ? అవి..."

"నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకుంది. మా కాపురంలో ఆవిడ నా మాట విన్నది ఆ ఒక్కసారే.

మడి చుట్టూ తాడు కట్టాను. వాటి మధ్య ఇంకా ఆకు చీలని చిన్న మొక్కకు ఎర్రదారం, అంటే మత్తు. మూడు వేళ్లకు పసుపు, కలగలుపు. అయిదు వేళ్లకు పచ్చదారం, మందు. అట్ట చూసి పుస్తకం సర్దేవాళ్లను ఉద్యోగమంతా తిట్టిపోసిన పెద్దమనిషి నిర్వాకమిది! ఎదిగేకొద్దీ ఎర్రదారం మొక్కలకు మూడేసి, పసుపువాటికి అయిదేసి వేళ్లు వచ్చాయి. "నా పెంపకంలో మత్తు విరుగుతోంది" అని డైరీలో రాసి దారాలు మార్చాను. పైగా మోకాళ్ల నొప్పి తగ్గింది. ఆ గాలి మహిమే అనుకున్నాను.

అనుమతి లేకుండా గంజాయి పెంచితే కేసు. రాబోయే కీర్తికి జైలు అడ్డు కాకూడదని, నేనే వెళ్లి ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ గారిని వెంటబెట్టుకొచ్చాను. నా ఉపన్యాసం సగంలో ఉండగానే ఆయన కొత్తగా మొలిచిన ఓ మొక్క చిగురు తుంచి నోట్లో వేసుకున్నారు.

"అయ్యయ్యో, అది ఎర్రదారమండీ! మత్తు!"

"పులుపండి మాస్టారూ" అన్నారాయన నవ్వాపుకుంటూ. "గోంగూర."

"గోంగూర నాకు తెలీదా? ఆకు ఇలా ఉంటుందా?"

కాఫీ తెచ్చిన సుభద్ర అందుకుంది. "మా పుట్టింటి నుంచి తెచ్చి నేనే చల్లానండీ. ఈ రకానికి కింద చీలని ఆకులు, ఎదిగాక పైన చీలికలు. చెప్పబోతే నోరు నొక్కేశారు."

"మరి తాడు లోపలికి రాలేదుగా నువ్వు?"

"రాకుండానే రోజూ మీరు లొట్టలేసిన పప్పులోకి ఆకు వచ్చిందా?"

నాకు ఒకే ఒక్క ఆశ మిగిలింది. "మరి నా మోకాళ్ల నొప్పి ఎలా తగ్గింది?"

"పెరట్లోనే కూర దొరుకుతుంటే మిమ్మల్ని బజారుకి పంపడం మానేశాను కదండీ!"

ఇన్‌స్పెక్టర్ గారు "సాక్ష్యం" అంటూ రెండు కట్టలు పట్టుకుపోయారు. వాటికి కట్టింది నా పచ్చదారాలే.

గోదావరి తల్లి మీద ఆన. మా ఆవిడ వండి వడ్డించేదాకా, ఈ జన్మలో ఏ మొక్కకూ నేను రకం తేల్చను.