బెల్లంపల్లిలో సూర్యుడికి ఉద్యోగం

పొద్దున ఆరింటి బస్సుకు కరీంనగర్ నుంచి పెద్దపల్లి చేరి, అక్కడ బెల్లంపల్లి వైపు రైలెక్కాను. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: పెద్దపల్లి స్టేషన్ బయట ఇడ్లీ బాగుంటుంది, రైల్లో చాయ్ బాగుండదు.

ప్రయాణానికి కారణం మా అక్క. ఆమె ఇంటి ముందర పిండిగిర్ని నడుపుతుంది. కరెంటు భారం మోయలేక స్లాబు మీద సోలార్ పలకలు పెట్టించుకోవాలనుకుంది. బావ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు అన్నం పెట్టిన ఇంటి మీద ఎండ కరెంటు పారనివ్వనని భీష్మించాడు. బిగించేవాళ్లు ఒకసారి వచ్చి తిరిగిపోయారు. ఈరోజూ పని కాకపోతే ఇక రామన్నారు. బావను ఒప్పించమని అక్క నన్ను పిలిచింది.

రామగుండం పొగగొట్టాలు కనబడగానే ఎదుటి సీట్లోని పత్తి వ్యాపారి మాట కలిపాడు. మంచిర్యాలలో దిగి ఆదిలాబాద్ బస్సు పట్టాలట.

"మొదలు నీళ్ల కరెంటన్నరు, తర్వాత బొగ్గుదన్నరు. ఇప్పుడు గా చెరువు నీళ్ల మీదనే సోలార్ అద్దాలు పరిచిండ్రు. బల్బుకు మాత్రం ఏం ఫికర్ లేదు సాబ్, ఏదొస్తే గదే తాగుతది."

పదకొండింటికి అక్క ఇల్లు చేరాను. బిగించేవాళ్లిద్దరూ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. బావ నిచ్చెనను వాకిట్లో పడేసి దానిమీద కూర్చున్నాడు. దారంతా కూర్చుకున్న వాదన వినిపించాను: ఎండ కరెంటు ఏటేటా పెరుగుతున్నా దేశంలో ఎక్కువ వెలుగు ఇప్పటికీ బొగ్గుదేనని, దాని పరువుకు లోటేమీ రాదని. ఓపికగా విన్నాడు.

"మంచిగనే చెప్పినవ్ బామ్మర్ది. కని నీ సూర్యుడు ఒక్క షిఫ్టే చేస్తడు. మబ్బు పడితే నాగా. గసొంటోన్ని ఎవడన్న పనిల పెట్టుకుంటడా?"

నాగా అంటే పని ఎగ్గొట్టడం. అక్క గిర్ని ఆపి పిండి చేతులతోనే వచ్చింది.

"జాతరకు పోయి వారం దినాలు నాగా పెడితే నిన్ను తీసేసిండ్రా? నువ్వు గూడ మొదలు బదిలీ వర్కర్‌వే గదా."

బాయిలో ఎవరైనా రానిరోజు వాళ్ల బదులు దిగేవాడే బదిలీ వర్కర్. బావ లేచి, నిచ్చెన గోడకు ఆనించి, బిగించేవాళ్లతో గంభీరంగా అన్నాడు.

"బదిలీ కింద తీసుకుంటున్నం. పర్మినెంట్ అడగొద్దు."

అక్క పెట్టిన అన్నం తిని, పని పూర్తయ్యాక సాయంత్రం బండెక్కాను. మంచిర్యాల దాటాక బొగ్గు గూడ్సుకు దారివ్వడానికి మా రైలును ఆపేశారు. పొద్దుగూకుతుండగా బావ ఫోన్.

"బామ్మర్ది, మీవోడు చెప్పకుండనే దిగిపోయిండు."

పొద్దున మళ్లీ వస్తాడని ధైర్యం చెప్పాను.

"వస్తడో రాడో నేనే స్లాబెక్కి చూస్త. కొత్తోడు, జర కనిపెట్టుకోవాలె."

పక్క పట్టాల మీద గూడ్సు ఇంకా పోతూనే ఉంది. ఇన్నేళ్లు భూమి కింద పనిచేసినవాడు రేపు ఎండ కోసం అందరికంటే ముందు లేస్తాడు. ఈ యాత్రలో నాకు కనిపించిన విశేషం అదొక్కటే.