నలభై గింజల ట్యాంకరు

ఆరు నెలలు కూర్చుని రాసిన ఆటకు మొట్టమొదట పడిన మార్కులు ఐదింటికి రెండు. అనంతపురం ఏప్రిల్ ఎండ ఒక పక్క, ఆ రెండు నక్షత్రాలు ఒక పక్క. ఆ రోజు నన్ను పలకరించిన వాళ్లెవరూ తిట్టు తినకుండా పోలేదు.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. "నేను ఈ గోడ దూకుతున్నాను" అని ఒకరంటే, దూకగలిగాడా, కాలు విరిగిందా అన్నది పాచిక చెబుతుంది. ఇంజనీరింగ్ హాస్టల్లో అంటిన పిచ్చి ఇది. కంప్యూటర్ లెక్చరర్‌నయి, పెళ్లయి, మనుషుల్లో పడ్డాక కూడా వదల్లేదు. ఆడటానికి కథలు కావాలి కదా, వాటిని నాలాంటివాళ్లు రాసి ఒక వెబ్‌సైటులో అమ్మకానికి పెడతారు. కావలసినవాళ్లు డబ్బు కట్టి దించుకుంటారు. ఆడి చూసి, ఇన్ని నక్షత్రాలని వేసి, కింద రెండు ముక్కలు రాస్తారు. నక్షత్రాలు బాగుంటే సరుకు పైన కనబడుతుంది. లేకపోతే అడుగుకు పోతుంది, ఇక రాసినవాళ్లకే దొరకదు.

అప్పటికి అందులో నావి ఆరు కథలున్నాయి. కోటలు, కత్తులు, దయ్యాలు, అన్నీ ఎక్కడో విన్నవే. ఏడోది మాత్రం అచ్చంగా నాది. కరువు నేల మీద ఒక నీళ్ల ట్యాంకరు, దాని మీద నలుగురు మనుషులు, ఐదు మజిలీల అవతల నీళ్ల కోసం కాచుకున్న ఊరు. ట్యాంకరులోని నీళ్లకు గుర్తుగా బల్ల మీద గిన్నెలో నలభై వేరుశనగ గింజలు పెట్టాలి. ఆటలో నీళ్లు తాగినప్పుడల్లా, నీళ్లు కారిపోయినప్పుడల్లా, ఒక్కో గింజ తీసి నిజంగానే తినేయాలి. గిన్నె అడుగు కనబడేసరికి ఆడేవాళ్లకు నిజంగానే గొంతు ఆరిపోతుంది. ఈ ఉపాయం తట్టిన రోజు నేను భూమ్మీద నడవలేదు.

అలాంటిదానికి రెండు నక్షత్రాలు. కింద వచ్చీరాని ఇంగ్లీషులో మూడు ముక్కలు: నాలుగుసార్లు ఆడితిమి, నాలుగుసార్లూ దారిలోనే చచ్చితిమి, లెక్క సరిచూసుకోవలెను. పేరు ఉండాల్సిన చోట ఏవో అక్షరాలు, అంకెలు.

"కరువు కథలో నీళ్లు అయిపోక పొంగిపొర్లుతాయా?" అని నా భర్త మీద అరిచాను. ఆయన మా కాలేజీలోనే లెక్కలు చెబుతాడు.

"అది రాసినోని మీద అరుచుకో. నా మీద ఏంటికే?" అన్నాడు.

అరవడంతో సరిపెట్టుకుని ఉంటే బాగుండేది. నేను ముయ్యి అడిగాను.

పెళ్లిళ్లలో చదివించే కానుకను మా వైపు ముయ్యి అంటారు. నువ్వు మా ఇంట్లో పెట్టావు, నేను మీ ఇంట్లో తిరిగి పెట్టాలి. మాది అంగళ్ల మీద బతికే కుటుంబం, ముయ్యి ఎగ్గొట్టిన వాడి ముఖం మావాళ్లు చూడరు. పదేళ్లుగా ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని గృహప్రవేశాలకు ఎండలో బస్సెక్కి పోయానో నాకే తెలియదు. ఇప్పుడు నా ఇంట్లో కార్యం వచ్చింది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆటను ఉచితంగా దించుకునే లింకు పెట్టి, అందరూ తలా ఐదు నక్షత్రాలు వేయాలని రాశాను.

మా వాళ్లు మాటపడే మనుషులు కారు. వారంలో ఇరవై ఆరు మంది వేశారు, ఒక్కొక్కరూ ఐదుకు ఐదు. కింద రాసినవి చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకరు "సూపర్ అక్కా" అన్నారు. ఒకరు నూరేళ్లు చల్లగా ఉండమని దీవించారు. కొత్తచెరువులో ఉండే మా మేనత్త దేవుని దయవల్ల అంతా బాగున్నదని రాసింది. నా లెక్కల మొగుడు కూడా పేజీ తిప్పకుండా ఐదు వేశాడు. వాళ్లు చదవలేదని నాకు తెలుసు. అయినా సిగ్గుపడలేదు, అది ఒప్పుకోవాలి. ముయ్యి పెట్టేవాళ్లు పెళ్లికొడుకు గుణం అడిగి పెడతారా?

ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. మా నాయనకు చిలమత్తూరులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఆయన ఏ పాత్రనూ నీళ్లు పోసి చూడకుండా అమ్మడు. పోస్తాడు, అడుగున అరచెయ్యి పెడతాడు, తడి తగలకపోతేనే చేతికిస్తాడు. పెళ్లికి నలభై బిందెలు కావాలంటే నలభైకీ పోస్తాడు. వానల్లేని ఏడు కూడా మానలేదు, ఒకే బిందెడు నీళ్లను ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి వంచుతూ చూసేవాడు. బేరానికి వచ్చినవాళ్లు బస్సు పోతుందని గొణుగుతున్నా ఆయనకు పట్టదు. అలాంటి మనిషిని చూడకుండా ఐదు వెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, వదిలేద్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎనిమిదో రోజు వెబ్‌సైటు నుంచి మెయిల్ వచ్చింది. ఒకే ప్రాంతం నుంచి, ఒకే వారంలో, ఇరవై ఆరు మంది ఐదేసి నక్షత్రాలు వేశారు. వీళ్లు నిజంగా ఆడినవాళ్లేనా? ఆడి ఉంటే ఆట ఎలా ముగిసిందో ఒక్కొక్కరూ రెండు వాక్యాలు రాయాలి. మూడు రోజుల్లో సరైన జవాబు రాకపోతే నా ఖాతా మూసేసి, నా ఏడు కథలూ తీసేస్తారు.

మెయిల్ స్టాఫ్ రూములో చదివాను. ఆరేళ్ల రాత అది. కాలేజీలో నేను చెప్పే పాఠం ఎవరైనా చెప్పగలరు, ఇంట్లో నేను వండే పప్పు ఎవరైనా వండగలరు. నేను తప్ప ఇంకొకరు చెయ్యలేనివి నాకు ఆ ఏడే ఉన్నాయి.

"వాళ్లంతా నీ స్టూడెంట్లని రాయి," అన్నాడు మా ఆయన. "క్లాసులో ఆడించినా అని చెప్పు. ఎవురొచ్చి చూస్తారప్పా?"

అది నాకూ తోచిందే. నిజం చెప్పాలన్న ఆలోచన ఆ రోజు నా గడప తొక్కలేదు. మొదటి ఫోను మేనత్తకు చేశాను.

"అత్తా, మెయిల్ వస్తే ఆడినామని చెప్పు. ట్యాంకరు ఊరు చేరిందని రాయి, సరేనా?"

"అట్లే రాస్తా. ఆ ట్యాంకర్లో నీళ్లుండాయా, లేదా?"

"ఆటలో ట్యాంకరు అత్తా అది."

"తెలుసు లేవే. ఈడ మా వీధికి రాక నాలుగు దినాలాయ, ఆటలోనైనా రానీ. ఏమి రాయాల్నో నువ్వే రాసి పంపు, నేను ఎక్కిస్తా. పెట్టిన ముయ్యి ఎనక్కి తీసుకోము మేము."

అలా ఇరవై ఆరు మందికీ ఇరవై ఆరు ముగింపులు నేనే రాయాల్సి వచ్చింది. అన్నీ ఒకేలా ఉంటే దొరికిపోతాం. రెండో రోజు కాలేజీకి సెలవు పెట్టి, మధ్యాహ్నం వంటింటి గట్టు మీద గిన్నె పెట్టి నలభై గింజలు లెక్కపెట్టి పోశాను. నలుగురి పాత్రలూ నేనే పట్టుకుని పాచిక వేశాను.

నాలుగో మజిలీలో అందరూ చచ్చారు. పాచిక బాగాలేదనుకుని మళ్లీ నలభై పోశాను. మళ్లీ నాలుగో మజిలీలోనే చచ్చారు. మూడోసారి పాచిక దయతలచి అన్నీ ఒకట్లూ రెండ్లే ఇచ్చింది. ఐదో మజిలీ గడప దాకా వెళ్లి అక్కడ చచ్చారు. కడుపులో నూట ఇరవై గింజలతో, కాగితం తీసుకుని లెక్క వేశాను. మజిలీకి మనుషులు తాగేది ఎనిమిది గింజలు. కారిపోయేది పాచికను బట్టి ఒకటి నుంచి ఆరు. ఎంత అదృష్టవంతులకైనా మజిలీకి తొమ్మిది తప్పవు. ఐదు తొమ్మిదులు నలభై ఐదు, గిన్నెలో నలభై. మొదటి రాతలో అరవై పెట్టాను. ఆట ఇంకా బిగువుగా ఉండాలని చివర్లో నలభైకి తగ్గించి, మళ్లీ ఆడి చూడకుండా అమ్మకానికి పెట్టేశాను. ఈ ఆటలో ఊరు చేరడం దేవుడి తరం కూడా కాదు.

గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఇరవై ఆరు మందిలో ఒక్కరికైనా ఇది తెలియలేదు, ఎందుకంటే ఒక్కరూ తెరవలేదు. తెరవొద్దని దాదాపు నేనే చెప్పాను. డబ్బు కట్టి కొని, నాలుగుసార్లు ఆడి, ఓపిగ్గా తప్పు చూపిన మనిషిని వారం పాటు నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు సిగ్గేసింది. కాసేపు ఏడ్చాను కూడా.

అక్కడే కూర్చుని ఫోన్లో జవాబు రాశాను. ఇరవై ఆరుగురూ నా వాళ్లే, ఎవరూ ఆడలేదు, తప్పు వాళ్లది కాదు, అడిగింది నేను. ఆ రెండు నక్షత్రాలు వేసిన మనిషి ఎవరో నాకు తెలియదు, కానీ ఆ ఒక్కటే నిజం, దాన్ని మాత్రం తీయకండి. పంపించేశాక మా ఆయనకు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

మూడో రోజంతా జవాబు లేదు. క్లాసులో బోర్డు మీద రాస్తూ మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నానో పిల్లలనే అడిగాను. గంట కొట్టినప్పుడల్లా పేజీ తెరిచి, నా ఏడు కథలూ ఉన్నాయో లేదో చూసుకున్నాను. నాలుగో రోజు పొద్దున జవాబు వచ్చింది. ఇరవై ఆరూ తీసేశారు. నిజం చెప్పినందుకు ఖాతా ఉంచుతున్నారు. ఇంకొక్కసారి ఇలాంటిది బయటపడితే శాశ్వతంగా మూసేస్తారు. రాసినవారి కుటుంబం నక్షత్రాలు వేయకూడదన్న నియమాన్ని కూడా గుర్తుచేశారు.

పేజీలో ఒంటరిగా ఆ రెండు నక్షత్రాలే మిగిలాయి. గింజలు అరవైకి పెంచి, సరిచేసిన ఆటను పెట్టాను. తేలికైన మనసుతో సాయంత్రం నాయనకు ఫోన్ చేసి, జరిగిందంతా నవ్వుతూ చెప్పాను. అటు వైపు బిందెలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"నాలుగుసార్లు కాదు పాపా," అన్నాడు చివరికి. "రాసినంక ఇంకా రెండుతూర్లు ఆడినాం. మొత్తం ఆరు."

"నువ్వు ఆడినావా?" అన్నాను.

"ఏం, నేను ఆడకూడదా? ఈ ఎండకి పగలు బేరం యాడుండాది? నేను, పక్కంగడి సేటు, ఇంకిద్దరు కూసుంటాం. ఫోనుకి చూపిస్తే తెలుగులో చెప్తాది కదా, నేను తెలుగులో చెప్తే ఇంగ్లీషులో రాస్తాది."

"కొన్నావా నాయనా?"

"దుడ్లు ఇయ్యకుండా తీసుకుంటానా? నువ్వు ఏది పెట్టినా బోణీ నాదే. మిగతా ఆరూ కొన్నా. అవి నాకు తెలీలేదు, అందుకే నోరెత్తలేదు. ఇది తెలిసింది. ట్యాంకరు కదా."

నా ప్రతి కథా పెట్టిన గంటలోపే ఒకటి అమ్ముడుపోయేది. ఏ దూరదేశంలోనో నాకొక అభిమాని ఉన్నాడని ఆరేళ్లుగా మురిసిపోయాను.

"ఫోన్లో చెప్పొచ్చు కదా?"

"కొన్నోడు అంగట్లోనే చెప్పల్ల. ఇంట్లో చెప్తే నువ్వు అలుగుతావు, నేను మెత్తబడతా."

అప్పుడు భయం పట్టుకుంది. ఆ మనిషెవరో నాకు తెలియదని రాసి ఇచ్చాను. ఇంకొక్కసారి అంటే శాశ్వతం అన్నారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఆ రెండూ ఉంటాయి, ఏడు కథలూ ఉంటాయి. ఇదంతా నాయనకు చెప్పి, ఏం చెయ్యమంటావని అడిగాను. ఏదో ఒకటి చెబుతాడని ఆశపడ్డాను.

"నీ అంగడి, నీ ఇష్టం," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ జవాబుకు ఒళ్లు మండింది. పొద్దున్నే మెయిల్ రాశాను: ఆ మనిషి ఎవరో నిన్న తెలిసింది, మా నాన్నగారు, అది కూడా తీసేయండి. పంపేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఒక్క వాక్యం వచ్చింది: తీసేశాం, తెలిపినందుకు కృతజ్ఞతలు. ఖాతా ఉంది. ఏడు కథలూ ఉన్నాయి. ట్యాంకరు పేజీలో ఒక్క నక్షత్రం లేదు, వెతికితే అట్టడుగున దొరుకుతుంది.

పోయిన ఆదివారం నాయన ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన చేయడం అరుదు.

"చేరినాం పాపా."

"యాడికి?"

"ఊరికి. ట్యాంకరు చేరింది."

నేను లేచి నిలబడ్డాను. "ఎన్ని గింజలు మిగిలినాయి నాయనా?"

"ఒగటి. సేటు తినబోతే చెయ్యి మింద కొట్టినా."

"అయితే ఇప్పుడు ఎన్ని వేస్తావు?"

"వెయ్యకూడదంటివి కదా."

"ఊరికే చెప్పు. నాకు చెప్పు."

"ఒకతూరి చేరితే అయిపాయనా?" అన్నాడు. "ఇంకోతూరి పోసి చూడల్ల."

ఫోన్ పెట్టడం మరిచిపోయినట్టున్నాడు. స్టీలు గిన్నెలో ఒక్కొక్క గింజా వేస్తూ ఆయన పైకి లెక్కపెడుతున్నాడు. అరవై అయ్యేదాకా నేను విన్నాను.