తలూపే షావుకారు

మా గుణుపురంలో మన్మథరావుకి అన్నం పెట్టే పని పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టడం. ఆ అన్నం సంగతి మరిపించే పని కదిలే బొమ్మలు చెయ్యడం.

"మోటారు గుండ్రంగా తిరుగుతాది. మనిసి తలకాయ అలగ తిరగదు గదా. ఆ రెండిటికీ రాజీ కుదర్సడమే నా పని" అంటాడు.

ఆ రాజీ కోసం చెక్కను కోడిగుడ్డు ఆకారంలో కోసి మోటారుకు బిగిస్తాడు. చెక్క తిరిగే కొద్దీ దాని మీద ఆనుకున్న కడ్డీ లేస్తుంది, దిగుతుంది. దానితోపాటే బొమ్మ తల కదులుతుంది.

రెండేళ్ళ కిందట గజలక్ష్మి పూజకు ఏనుగుని చేశాడు. తొండమెత్తి అమ్మవారి మీద నీళ్ళు చల్లాల్సిన ఏనుగు, పూజ ప్రారంభించడానికి వచ్చిన పెద్ద ఆఫీసరు మీద చల్లింది. ఆయన కండువా పిండుకుని నవ్వేశాడు గానీ కమిటీవాళ్ళు నవ్వలేదు. అప్పట్నుంచి ఏ పందిరివాళ్ళూ పిలవలేదు. నాకైతే ఒళ్ళు మండింది. అసలు ఏనుగు చేత తొండమెత్తించడం ఊళ్ళో ఇంకెవరికి చేతనవును?

అలాంటప్పుడు బట్టల దుకాణం మోహన్‌కృష్ణ వచ్చాడు. దుకాణం పెట్టి యాభై ఏళ్ళయిందట. చనిపోయిన తండ్రి వరహాలు షావుకారి బొమ్మ గుమ్మం పక్కన కూర్చుని, వచ్చేవాళ్ళకు తలూపి మర్యాద చెయ్యాలట.

"ఇదైనా సక్కగా ఆడితే సరే. నేదంటే నీ బొమ్మల సామానంతా పాత ఇనుమోడికి ఏసెస్తాను" అంది మన్మథరావు భార్య తవిటమ్మ. ఆవిడ అన్నదంటే చేస్తుంది. ఆ భయంతోనే పాత బస్సు వైపర్ మోటారు తెచ్చి నెల్లాళ్ళు కష్టపడ్డాడు. బొమ్మ అచ్చం షావుకారే, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో సహా.

మొదటిరోజే గుడారి నుంచి సూర్యకాంతమ్మ పెళ్ళిబట్టలకు వచ్చింది. వరహాలు షావుకారు బేరంలో ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. కొనేవాళ్ళు తమ ధర చెబుతారు, ఆయన తలూపితే బేరం ముగిసినట్టే. చుట్టుపక్కల అందరికీ ముప్పై ఏళ్ళ అలవాటది. సూర్యకాంతమ్మ మోహన్‌కృష్ణ వైపు చూడనైనా చూడకుండా చీరలు తెచ్చి బొమ్మ ముందు పరిచింది.

"సావుకారూ, సగానికిచ్చీ."

బొమ్మ తలూపింది.

"జాకెట్టు గుడ్డ ఊరికే ఇచ్చీ."

మళ్ళీ ఊపింది.

"అది బొమ్మమ్మా!" అని గోలపెట్టాడు మోహన్‌కృష్ణ.

"బొమ్మయితే ఏటి? తల మీ నాయిందే గదా?"

ఆవిడ కూతురు ఇదంతా ఫోనులో వీడియో తీసి చుట్టాలకు పంపింది. మధ్యాహ్నానికి దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. బొమ్మను గోదాములో పారెయ్యమన్నాడు మోహన్‌కృష్ణ.

"ఒక్క పూట ఆగు బాబూ" అని బతిమాలి, మన్మథరావు కడ్డీని పక్కకు మార్చి బిగించాడు. ఇప్పుడు తల అడ్డంగా ఊగింది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళనూ షావుకారు వద్దు వద్దన్నాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఎదురు దుకాణానికి పోయారు.

మూడోరోజు తీగ చివర ఒక బటన్ పెట్టాడు. నొక్కితేనే తల నిలువుగా ఊగుతుంది. మోహన్‌కృష్ణ సంబరంగా చెయ్యి చాపేసరికి గల్లాపెట్టె వెనక తెర తీసుకుని అతని తల్లి బాలామణి వచ్చింది. బొమ్మను కాసేపు చూసింది.

"అది నాకిచ్చీ మన్మథరావూ."

"బేరాలు నీకేటి తెలుస్తాయమ్మా?" అన్నాడు కొడుకు.

"ముప్పై యేళ్ళు ఈ తెర ఎనక కూకున్నానురా. నాను గాజులు సప్పుడు సేస్తేనే మీ నాయిన తలూపీవోడు."

బొమ్మను ఉంచేదీ, గోదాముకి పంపేదీ మోహన్‌కృష్ణే. ఆ సంగతి తెలిసీ మన్మథరావు బటన్ ఆవిడ చేతిలోనే పెట్టాడు. నాకు వాడి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

"బొమ్మ ఇక్కడే ఉంటాది. నానూ ఈ పొద్దునుంచి ఇక్కడే కూకుంటాను" అని ఆవిడ బటన్ నొక్కింది.

షావుకారు తలూపాడు. మోహన్‌కృష్ణ లేచి, గల్లాపెట్టె ముందు కుర్చీ ఖాళీ చేశాడు.